పక్క కుర్చీ మాట

లాటిమర్ కాలేజీ జిమ్‌లో ఆ సాయంత్రం కుర్చీలు ఎక్కడ వేయాలో కోచ్ డెనీస్ హలోరన్ దగ్గరుండి చూసుకుంది. మొదటి వరసలో అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు, నడుమ మారెన్ టీడ్‌మన్. రెండో వరసలో మారెన్ తండ్రి గేలన్. అతని పక్కన లినెట్ వెర్‌హూఫ్. లినెట్‌ను అక్కడ కూర్చోబెట్టడం ఊరికే జరిగింది కాదు.

కొత్త పిల్లను జట్టులోకి తెచ్చుకోవాలంటే ఆ పిల్ల తల్లినో తండ్రినో పాత పిల్ల తండ్రి పక్కన కూర్చోబెట్టడం కోచ్‌ల వాడుక. కోచ్ చెప్పేది ఎవరూ పూర్తిగా నమ్మరు. అమ్ముకునేవాళ్ళు తమ సరుకును పొగుడుకోక ఏం చేస్తారు? గేలన్‌లా మొక్కజొన్న వేసుకొని పందులు పెంచుకునే మనిషికి అమ్ముకునేదేమీ ఉండదు. అటువంటివాడు పక్క కుర్చీలోంచి “పిల్లను బాగా చూసుకున్నారు” అని ఒక్క ముక్క అంటే దాని బరువు వేరు. నాలుగేళ్ళుగా ఆ కుర్చీ గేలన్‌ది. అతను తక్కువ మాట్లాడతాడు కనుక జనం ఎక్కువ నమ్మేవారు.

ఆ రోజు డ్రాఫ్ట్. చదువు ముగిస్తున్న ఆటగత్తెలను ప్రొఫెషనల్ జట్లు పేరుపేరునా పిలుచుకునే రోజు. మూడు విడతలు. పేరు వచ్చినవాళ్ళకు జీతం, జట్టు చొక్కా. రానివాళ్ళలో చాలామందికి ఆట అక్కడితో సరి. లాటిమర్ నుంచి ఇంతవరకూ ఎవరి పేరూ రాలేదు. ఈ ఏడు మారెన్ పేరు రావచ్చని పత్రికలు రాశాయి. చివరి విడతలో, అదృష్టం ఉంటే.

ఆ ‘ఉంటే’ను కోచ్ లెక్కలోకి తీసుకోలేదు. లినెట్ కూతురు ఆనికాను కాలేజీ చూడటానికి సరిగ్గా ఆ రోజే రమ్మంది. ఆరడుగుల మూడంగుళాల పిల్ల. స్కూలు ముగియడానికి ఇంకా ఏడాది ఉండగానే మూడు రాష్ట్రాల కాలేజీలు ఆ ఇంటి గుమ్మంలో నిలబడ్డాయి. ఆ పిల్ల కళ్ళ ముందే టీవీలో మారెన్ పేరు వినబడాలి. కోచ్ పథకం అది.

మారెన్‌కు ఇది ఇష్టం లేదు. అంతకుముందు ఆదివారం ఇంటికి వచ్చినప్పుడే చెప్పింది.

“మనింట్లో చూద్దాం నాన్నా. నువ్వూ నేనూ. పేరు రాకపోతే టీవీ కట్టేసి పడుకుంటాం.”

“కోచ్ అడిగితే కాదంటావా?”

“నువ్వు కాదను. నేనూ కాదంటాను.”

అతను కాదనలేదు. కూతురి పేరు మోగినప్పుడు జిల్లా అంతా చూడాలని అతనికీ ఉంది. ఆ కోరికను కోచ్ నెత్తిన పెట్టి ఊరుకున్నాడు.

“ఆ పెద్ద యూనివర్సిటీకి పోయినవారం వెళ్ళొచ్చామండీ,” అంది లినెట్, కాగితం పళ్ళెంలో బంగాళాదుంప సలాడ్ కలుపుతూ. “అక్కడో గోడుంది. డ్రాఫ్ట్‌కి వెళ్ళిన పిల్లల ఫొటోలు, ఈ చివర్నించి ఆ చివరికి. మా ఆయన ఒక్కో ఫొటో ముందూ చర్చిలో నిలబడ్డట్టు నిలబడ్డాడు. లాక్కురావడం నావల్ల కాలేదు.”

“గోడ ఆడదు కదండీ,” అన్నాడు గేలన్.

లినెట్ పకపకా నవ్వింది. “ఇదీ మాటంటే! మా ఆయనతో చెప్తానుండండి.”

రెండు వరసల అవతల కోచ్ ఆ నవ్వు విని తృప్తిగా తల తిప్పుకుంది.

మొదటి విడత గడిచింది. అందులో ఎవరూ ఏమీ ఆశించలేదు. రెండో విడత గడిచింది. పేరు పేరుకీ మొదటి వరసలో అల్లరి తగ్గుతూ వచ్చింది. మూడో విడత మొదలయ్యాక, జట్టులో అందరికంటే పొట్టిదైన జోసీ లేచి నిలబడింది.

“ఈసారి నువ్వే మారెన్! కాకపోతే నా బూటు తింటా.”

“నీ బూటు మా కుక్క కూడా ముట్టదే,” అంది ఇంకో పిల్ల.

చివరి పేరు చదివారు. అది ఎక్కడో దక్షిణాది పిల్లది. టీవీలో ఆ పిల్ల తల్లి రెండు చేతులతో ముఖం కప్పుకొని ఏడ్చింది. జిల్లా చానెల్ కెమెరా అతను భుజం మీది కెమెరాను మెల్లగా దించాడు.

ముందుగా లేచింది మారెనే.

“బూటు విప్పవే జోసీ. ఉప్పూకారం నేనిస్తా,” అంది.

అందరూ నవ్వారు. నవ్వడానికి వీలు దొరికినందుకు నవ్వారు. తర్వాత మారెన్ ‘రూబార్బ్ పై’ అనే తీపి వంటకం ముక్క ఒకటి పళ్ళెంలో పెట్టుకొని నేరుగా ఆనికా దగ్గరికి వెళ్ళింది. పక్కన కూర్చుంది. పళ్ళెం ఆ పిల్లకిచ్చి ఏదో చెప్పసాగింది. అప్పుడే ఓడిపోయిన పిల్ల రాబోయే పిల్లకు వడ్డన చేస్తోంది. గేలన్‌కు అలాగే కనబడింది. కోచ్ ఆ ఇద్దరినీ చూసి తల ఊపడం కూడా కనబడింది. అతని కడుపు భగ్గుమంది.

కోట్లు తగిలించిన కొక్కేల దగ్గర లినెట్ అతన్ని పట్టుకుంది.

“ఏమనుకోకండి. ఇవాళే అడగడం బాగోదు, తెలుసు. కానీ మీరైతే నిజం చెప్తారు. మళ్ళీ మొదట్నించీ అయితే, పిల్లని ఇక్కడికి పంపుతారా?”

“పంపను.”

లినెట్ చెయ్యి కోటు మీద ఆగిపోయింది.

“నాలుగేళ్ళు బుట్ట కిందే నిలబెట్టింది,” అన్నాడు గేలన్. “కాడెద్దుని కట్టినట్టు. ఈ రోజుల్లో ఎంత పొడుగు పిల్లయినా దూరం నుంచి బంతి వేయడం రావాలి. లేకపోతే పై జట్లు తీసుకోవు. అది నేర్పుతూ కూర్చుంటే కోచ్ మ్యాచ్‌లు పోతాయి. నేర్పలేదు. ఆవిడ గెలుపులు ఆవిడకున్నాయి. మా పిల్లకి మిగిలింది ఇందాక చూశారుగా.” కాస్త ఆగి మళ్ళీ అన్నాడు. “మీ పిల్లా పొడుగేగా.”

లినెట్ అతని చెయ్యి పట్టుకుంది. “చాలా థాంక్సండీ. ఇంత మాట ఎవరూ చెప్పరు.”

కడుపులో మంట చల్లారింది. మంట చల్లారింది కాబట్టి చెప్పింది నిజమే అనుకున్నాడు గేలన్. జీవితంలో చాలా తప్పులు అతను ఇలాగే చేశాడు.

వారం తిరక్కుండానే ఆనికా పెద్ద యూనివర్సిటీకి మాటిచ్చింది. ఆ వార్త కింద జిల్లా పత్రిక కోచ్ హలోరన్ మాట కూడా వేసింది. ‘మారెన్ పేరు వచ్చి ఉంటే ఆనికా మా దగ్గరే ఉండేది. చూపించుకోవడానికి మాకు గోడ లేదు.’ ఆమె అన్నది గోడ గురించి. చదివినవాళ్ళకు గుర్తున్నది మారెన్ పేరు.

సహకార ధాన్యం గిడ్డంగిలో పొద్దుటిపూట రైతులు కాఫీకి చేరే బల్ల దగ్గర కూడా అదే మాట.

“ఏం గేలన్, మీ అమ్మాయి మనకి ఒకే దెబ్బకి రెండు దెబ్బలు కొట్టిందే,” అన్నాడు ఎరువులమ్మే రస్. “ఇటు తను పోయె, అటు వెర్‌హూఫ్ పిల్లా పోయె.”

“దూరం నుంచి ఓ రెండు పడేసుంటేనా...” అని మరొకడు మొదలుపెట్టాడు.

“నీ కొడుకు నిచ్చెనేసుకు వేసినా పడదు కదయ్యా. నువ్వూరుకో,” అన్నాడు రస్.

బల్ల చుట్టూ నవ్వులు. గేలన్ కాఫీ తాగుతున్నాడు. ఆనికా పోయింది నా నోటివల్ల అనడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం గొంతు దాకా వచ్చింది. కాఫీతో పాటు దాన్నీ మింగి, కప్పు కడిగి బోర్లించి బయటికి వచ్చాడు.

ఆ ఆదివారం మారెన్ వచ్చింది. అతను షెడ్డులో విత్తనాల యంత్రం కింద పడుకొని గొలుసు బిగిస్తున్నాడు. వాన వెలిసి నేల ఆరితే విత్తాలి. మారెన్ వచ్చి చక్రం పక్కన నిలబడింది. కింద నుంచి అతనికి ఆమె బూట్లే కనబడుతున్నాయి.

“లినెట్‌గారితో ఏమన్నావ్ నాన్నా?”

“ఎవరు చెప్పారు?”

“ఆనికా. ఫోన్లో ఏడ్చింది. ‘మీ నాన్నే వద్దన్నాడంట కదా’ అంది.”

“ఉన్నమాటే అన్నాను.”

“ఏంటా ఉన్నమాట?”

“నీకు దూరం నుంచి వేయడం నేర్పలేదని.”

బూట్లు కదల్లేదు.

“రెండు వేసవులు అక్కడే ఉండమంది కోచ్,” అంది మారెన్. “అది నేర్పడానికే. మొదటి వేసవి అమ్మకి కాన్సర్ మందెక్కిస్తుంటే నేనిక్కడున్నా. రెండో వేసవి కూడా ఇక్కడే ఉన్నా.”

“రెండోసారి ఉండమని నేనడగలేదు.”

“అడగలేదు. వంట మానేశావు. పందులకి వేళకి వేసేవాడివి. నువ్వు తినేవాడివి కాదు.”

అతను గొలుసు మీదనుంచి చూపు తిప్పలేదు. ఆ వేసవి అతనికి గుర్తుంది. భార్య జానెల్ పోయిన తర్వాతి వేసవి. కూతురు పొద్దున్నే లేచి గుడ్లు వేయించి బల్ల మీద పెట్టేది. తినేదాకా ఎదురుగా కూర్చునేది. కాలేజీలో తను ఏం వదులుకుని వచ్చిందో ఒక్కసారీ చెప్పలేదు. అతనూ ఒక్కసారీ అడగలేదు. అడిగితే పంపించాల్సి వస్తుంది.

“కోచ్‌కి చెప్పావా? నేనన్నానని?”

“లేదు. గోడ చూసి మనసు మార్చుకున్నారని చెప్పాను. ఆవిడ అదే పేపర్లో అంది. ఇప్పుడు నా పేరు రాకపోవడం వల్లే ఆ పిల్ల పోయిందని ఊరంతా అంటోంది. అననీ.”

“నీకెందుకీ గొడవ? నీ ఆట అయిపోయింది.”

“నా పనే ఇది. పేరు రాకపోతే ఇక్కడే అసిస్టెంట్‌గా ఉంటానని డ్రాఫ్ట్‌కి ముందే కోచ్‌నడిగాను. సరేనంది. ఆనికాని తేవడమే నా మొదటి పని. ఆ రోజు పళ్ళెం పట్టుకెళ్ళి దాని పక్కన ఎందుకు కూర్చున్నాననుకున్నావ్?”

“నాకు చెప్పలేదే.”

“చెప్తే పేరు రాదని ముందే ఒప్పుకున్నట్టవుతుందని. నువ్వు అంత ఆశ పెట్టుకున్నావ్.”

ఆ నిమిషంలో యంత్రం కింద నుంచి బయటికి రావచ్చు. లేచి నిలబడి కూతురి ముఖం చూడవచ్చు. గేలన్ చెయ్యి మాత్రం బయటికి చాచాడు.

“ఆ పానా ఇటివ్వు.”

మారెన్ ఇచ్చింది. బూట్లు తిరిగి వెళ్ళిపోయాయి.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. గేలన్ మాట అంత దూరం పోనక్కర్లేదు, నాలుగు జిల్లాలు దాటితే చాలు. దాటింది. మారెన్ ఆ వేసవంతా ఇంటింటికీ తిరిగింది. పొడుగు పిల్లలున్న ఇల్లు, చురుకైన పిల్లలున్న ఇల్లు. ప్రతి ఇంట్లో కూర్చోబెట్టి చల్లని టీ ఇచ్చారు, మర్యాదగా విన్నారు. చివరికి ఎవరో ఒకరు అడిగేవారు. “ఇంతకీ మీ నాన్నగారేమంటారమ్మా?” సమాధానం తెలిసే అడిగేవారు. ఈ సంగతి మారెన్ తండ్రికి చెప్పలేదు. జోసీ చెప్పింది, కిరాణా కొట్టులో ఎదురుపడి, కళ్ళలోకి చూడకుండా.

ఆగస్టు చివర ఒక పొద్దున గేలన్‌కు ఫోన్ వచ్చింది.

“టీడ్‌మనేనా? నేను ఆర్డిస్ హాగ్లండ్‌ని. మా మనవరాలి కోసం మీ అమ్మాయి వచ్చి వెళ్ళింది. పిల్ల బుద్ధిమంతురాలే, తాగిన కప్పు తనే కడిగింది. కాలేజీ సంగతి మాత్రం నిన్నడిగి తెలుసుకుందామని చేశానయ్యా.”

ఇలాంటి ఫోన్ కోసమే అతను ఎదురుచూస్తున్నాడు. గబగబా చెప్పాడు.

“కోచ్ మంచిదండీ. మా ఆవిడ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ప్రతి ఆదివారం వచ్చి కూర్చునేది. ఏమీ మాట్లాడేది కాదు, కూర్చునేది. పిల్లల్ని సొంత పిల్లల్లా చూస్తుంది. నిశ్చింతగా పంపొచ్చు. చదువు కూడా పట్టించుకుంటుంది. మీ పిల్లకి ఏ లోటూ రానివ్వదు.”

ఒక్క గుక్కలో అన్ని మాటలు అతను ఏనాడూ ఆడలేదు. అవతల ఆర్డిస్ పూర్తిగా విన్నది.

“బాగుంది. లినెట్ వెర్‌హూఫ్‌తో ఏప్రిల్లో వేరే చెప్పావటగా? లినెట్ మా చెల్లెలి కోడలే.”

“అది... కోపంలో అన్నానండీ.”

“రెంటిలో అబద్ధం ఏది?”

“అప్పుడన్నది.”

“అప్పుడు నీకు ఒరిగేదేం లేదయ్యా. ఇప్పుడు నీ కూతురు అక్కడ జీతం తీసుకుంటోంది. నా చోట నువ్వుంటే ఏది నమ్ముతావ్?”

గేలన్ వంటగదిలో నిలబడి కిటికీలోంచి పొలం చూస్తున్నాడు. అతని మాటకు ఇన్నాళ్ళూ విలువ ఉన్నది, దాని వెనక ఏ స్వార్థమూ లేదనే. ఆ విలువంతా ఒక చెడ్డ మాట మీద పెట్టి ఖర్చు చేశాడు. మంచి మాట చెప్పాల్సిన రోజుకు ఏమీ మిగల్లేదు.

“ఇది నీ నిర్వాకమని ఆ కోచ్‌కి తెలుసా?” అంది ఆర్డిస్.

“తెలీదు.”

“అయితే నీ పాపం నీ కూతురు మోస్తోందన్నమాట.”

గేలన్ ఫోన్‌ను రెండో చెవికి మార్చుకున్నాడు.

“వెళ్ళి ఆవిడతో చెప్పు. చెప్పాక నాకు ఫోన్ చెయ్యి, అప్పుడు నీ మాట వింటాను. నవంబర్ దాకా మా పిల్ల ఎక్కడా సంతకం పెట్టదు. అర్థమైందా?”

“అయిందండీ.”

అర్థమైంది గానీ వెళ్ళలేదు. సెప్టెంబర్‌లో సోయా కోతకొచ్చింది. తర్వాత మొక్కజొన్న. కోత యంత్రం బెల్టు తెగింది. వానలు పడి గింజ తడిసింది, ఆరబెట్టే డ్రమ్ము మొరాయించింది. ఇవన్నీ నిజాలే. నిజాలతో కూడా సాకు కట్టుకోవచ్చు. కాలేజీ ఇరవై మైళ్ళు. ధాన్యం తోలుకుంటూ వారానికి నాలుగుసార్లు దాని ముందునుంచే పోయేవాడు. జిమ్ కప్పు కనబడగానే రేడియో గొంతు పెంచేవాడు.

మారెన్ ఆదివారాలు రావడం తగ్గించింది. కొత్త జట్టు, పని ఎక్కువ అంది. అతను సరే అన్నాడు.

అక్టోబర్ చివర, ఆఖరి పొలం కోత అయిపోయాక, చెప్పుకోవడానికి పని ఏదీ మిగలనప్పుడు వెళ్ళాడు. కోచ్ తన గదిలో డబ్బాలోంచి సూప్ తాగుతోంది. అతన్ని చూసి లేచింది.

“రండి గేలన్. కోత అయిందా?”

“అయింది. ఒక మాట చెప్పాలి కోచ్.” టోపీ తీశాడు. కూర్చోలేదు. “ఏప్రిల్లో వెర్‌హూఫ్ పిల్ల పోయింది గోడ వల్ల కాదు. డ్రాఫ్ట్ వల్లా కాదు. పంపొద్దని వాళ్ళమ్మతో నేనన్నాను. మీరు మారెన్‌కి ఆట నేర్పలేదన్నాను.”

కోచ్ చెంచా కింద పెట్టింది.

“నేర్పుతానని రెండు వేసవులు ఉండమన్నాను.”

“తెలుసు.”

“అప్పుడే తెలుసా?”

గేలన్ టోపీ అంచు తిప్పాడు. “తెలుసుకోకుండా ఉన్నాను.”

“నేను పేపర్లో మారెన్ పేరు అనేశాను. మొత్తం దాని నెత్తిన పడింది. మీరు చదివారా?”

“చదివాను.”

“జనం అనేది విన్నారా?”

“విన్నాను.”

ఆమె కిటికీ వైపు తిరిగింది. కింద కోర్టులో పిల్లలు పరిగెడుతున్న బూట్ల కీచుశబ్దం వినబడుతోంది. ఆ పిల్లల్లో మారెన్ గొంతు కోసం గేలన్ చెవి పెట్టాడు.

“లేదు,” అంది కోచ్, అది గమనించి. “శుక్రవారం రాజీనామా ఇచ్చింది. మీకు చెప్పలేదా?”

“లేదు.”

“ఒహాయోలో చిన్న కాలేజీ. జీతం కూడా తక్కువ. ఎందుకే అని అడిగితే, ‘అక్కడ ఏ ఇంటికెళ్ళినా మా నాన్న సంగతి అడగరు’ అంది. సొంత కాళ్ళ మీద నిలబడాలనుకుంటోంది కాబోలు అనుకున్నాను. ఈ వయసు పిల్లలు అలాగే అంటారు కదా.” సూప్ డబ్బా పక్కకి జరిపింది. “శనివారం సామాను సర్దుకుని వెళ్ళిపోయింది.”

“ఆపలేకపోయారా?”

“మీరు కోతలకి ముందే వచ్చి ఈ మాట చెప్పుంటే ఆపేదాన్ని.”

అంతకంటే ఆమె ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. తిట్టేవాళ్ళతో ఇంకా ఏదో మిగిలి ఉంటుంది. ఆమె సూప్ డబ్బా మూత పెట్టి, ఈల మెడలో వేసుకొని, అతన్ని దాటుకొని కోర్టులోకి దిగిపోయింది.

గేలన్ ట్రక్కులో కూర్చొని మారెన్ నంబరు నొక్కాడు. మోగి మోగి ఆగింది. సందేశం చెప్పమంది యంత్రం. ఏమీ చెప్పకుండా పెట్టేశాడు. కాసేపయ్యాక ఆర్డిస్ హాగ్లండ్‌కు చేశాడు.

“టీడ్‌మన్‌ని. కోచ్‌కి చెప్పానండీ.”

“ఇప్పటికా? సరే. ఏమందావిడ?”

“మారెన్ వెళ్ళిపోయింది. ఒహాయో. వేరే కాలేజీ.”

అవతల ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగింది.

“మరి ఎవరికోసమయ్యా ఇప్పుడీ ఫోను?”

గేలన్ ట్రక్కు అద్దంలోంచి జిమ్ కప్పు వైపు చూశాడు.

“కోచ్ మంచిదండీ,” అన్నాడు.

“ఆ మాట ఏప్రిల్లో అనాల్సింది,” అని ఆర్డిస్ ఫోన్ పెట్టేసింది.